మంచు దారిలో వెనుక తోపు బండి

పోయిన నెల ఈ పుటలో ఊరగాయ జాడీల సంగతి ముచ్చటించుకున్నాము. ఈ నెల కబురు కొంచెం దూరదేశపుది. మన బళ్ళారిలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడమే గనుక, మంచు మీద మోటారు నడపడాన్ని గురించి నేను వ్రాయబూనడం కొందరికి నవ్వు పుట్టించవచ్చును. కాని మన సంఘంలో చాలా ఇళ్ళ పిల్లలు ఇప్పుడు చలిదేశాలలోనే ఉద్యోగాలు చేస్తున్నారు. తల్లులు ఇక్కడ కూర్చుని దిగులు పడుతున్నారు. ఆ దిగులులో కొంత అనవసరమైనది, కొంత మటుకు అవసరమైనదే.

నాకు కారు నడపడం రాదు. ఉన్నది ఒక స్కూటరు. అయితే లారీ ఆఫీసులో గుమాస్తాగా ఇరవైరెండేళ్ళ నుంచి టైర్ల చిట్టా వ్రాస్తున్నాను. ఏ బండికి ఏ టైరు ఏనాడు ఎక్కింది, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది, రీట్రేడింగుకు ఎన్నిసార్లు పోయి వచ్చింది, అంతా నా దస్తూరీలోనే ఉంటుంది. ఈ చిట్టా చూసుకుని నాకు కొంత గర్వం కూడా ఉండేది. దాని ఫలితం ముందు చెబుతాను.

మా చెల్లెలు హోసపేటలో ఉంటుంది. దాని కొడుకు కెనడాలో ఒట్టావా నగరంలో ఉద్యోగం. 2023 అక్టోబరులో ఒకనాటి రాత్రి చెల్లెలు ఫోను చేసి, "అన్నా, వాడు గొడుగుగుడ్డ కప్పిన బండి కొన్నాడంట. ఇద్దరే పడతారంట. మంచులో గిర్రున తిరుగుతుందని వాని స్నేహితుడే అన్నాడంట. అమ్మేయమని నువ్వు చెప్పు, నా మాట వాడు వినడు" అన్నది.

బండి పేరు మాజ్దా మియాటా. ఈ మాదిరి మొదట 1989లో బజారుకు వచ్చింది. మావాడు కొన్నది 2016 నాటిది, ఒకరు వాడి అమ్మినది. తేలికైన బండి, ఇంజను ముందు, తోపు వెనుక చక్రాలకు. పరుగు పందెపు పోకడ గల ఇటువంటి బండ్లలో చాలావాటికి తోపు వెనుకనే ఉంటుంది.

ఎద్దులు బండిని ముందునుంచి లాగుతాయి. తోపుడు బండిని మనిషి వెనుకనుంచి తోస్తాడు. కార్లలోనూ ఈ రెండు రకాలున్నవి. నేటి చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలే లాగుతాయి. ఇంజను బరువు కూడా వాటి మీదనే పడుతుంది గనుక జారుడు నేలమీద కదలడానికి కొంత సుళువు. వెనుక తోపు బండిలో వెనుక చక్రాలు పట్టు తప్పితే తోక పక్కకు పోతుంది. మన పాత అంబాసిడరు, పద్మిని కార్లు వెనుక తోపువే. మన లారీలూ అంతే. సండూరు వైపు రేగడి నేలలో వాన పడ్డనాడు ఖాళీ లారీ వెనుక చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ గుంట తవ్వుకోవడం మా డ్రైవర్లందరూ చూసినదే. సరుకు ఎక్కించిన లారీ అదే బురదలో మెల్లగా దాటిపోతుంది.

ఈ జ్ఞానమంతా నా దగ్గర ఉన్నది గదా! మేనల్లుడు ఫోనులో, "మామా, చలికాలపు టైర్లు నాలుగూ కొనాలంటే ఖర్చు చాలా అవుతుంది. వెనుక రెంటికి వేస్తే చాలదా?" అని అడిగితే, "తోసేవి వెనుకవే గదరా, వాటికి వెయ్యి, చాలు" అని చెప్పేశాను. ఇరవైరెండేళ్ళ అనుభవం మాట్లాడింది. వాడు ఎవరో వాడి తీసేసిన చలి టైర్లు రెండు చవకగా కొని వెనుక వేయించుకున్నాడు. ముందు వేసవి టైర్లే ఉన్నవి.

డిసెంబరులో ఒక సాయంకాలం, కొంచెం పల్లంగా ఉన్న వీధిలో, ఎర్ర దీపం చూసి బ్రేకు తొక్కాడు. వేగం ఎక్కువేమీ కాదు. స్టీరింగు తిప్పినా బండి తిరగలేదు, తిన్నగా పోతూనే ఉన్నది. దారి దాటుతున్న ఒక ముసలామె చక్రాల సంచి ఈడ్చుకుంటూ పోతున్నది. ఆమెకు రెండు గజాల ఎడంగా పోయి గట్టుకు కొట్టుకుని ఆగాడు. చక్రం వంగింది. ఆమె వెనక్కు తిరిగి చూడను కూడా లేదట, తలకు టోపీ, చెవులకు ఉన్ని పట్టీ. మావాడు ఆ రాత్రి నాకే ఫోను చేశాడు, తల్లికి చెప్పలేదు. "మామా, బండి తోయడం బాగానే తోసింది. ఆగమంటేనే ఆగలేదు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఈ ముక్క చెల్లెలికి సంక్రాంతి నాడు నేనే చెప్పి చీవాట్లు తిన్నాను గనుక ఇక్కడ వ్రాయడానికి అభ్యంతరం లేదు.

నేను మరిచినదేమంటే, తోపు రెండు చక్రాలదే కాని, ఆగడం నాలుగింటి పని. అందులోనూ బ్రేకు తొక్కగానే బరువు ముందుకు వాలుతుంది గనుక ఎక్కువ భారం ముందు వాటిదే. తిరగడమూ ముందు వాటి పనే. వెనుక మాత్రమే మంచి టైర్లుంటే బండి తిరగక తిన్నగా జారుతుంది. ముందు మాత్రమే ఉంటే ఇంకా అన్యాయం, ముందు ఆగుతుంది, వెనుక భాగం చుట్టి వస్తుంది. లారీ బురదలోనుంచి బయటపడటానికి పనికివచ్చే లెక్క, వీధిలో మనుషుల మధ్య ఆగడానికి పనికిరాదు.

ఆ మరునాడే వాడిని టైర్ల పక్కభాగం ఫోటో తీసి పంపమన్నాను. ఇది నాకు తెలిసిన విద్య. టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. వీటిమీద 3814 అని ఉన్నది. అంటే 2014వ సంవత్సరం 38వ వారంలో పుట్టినవి, తొమ్మిదేళ్ళవి. గాడులు కనబడుతున్నవి గాని రబ్బరు ముదిరిపోయింది. చవక బేరం ఎందుకయిందో అప్పుడు తెలిసింది. కొనేముందు ఈ ఫోటో అడగవలసినది నేనే.

ఇక టైర్ల రకాల సంగతి. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన బిగుసుకుపోవడం మొదలుపెడుతుంది. ధనుర్మాసపు ఉదయం కొబ్బరినూనె సీసాను తలుచుకుంటే అర్థమవుతుంది. మంచు కురవకపోయినా, దారి పొడిగానే ఉన్నా, ఆ చలిలో దానికి పట్టు తగ్గిపోతుంది. పరుగు బండ్లతో వచ్చే టైర్లు చాలామటుకు ఈ జాతివే. మరీ గట్టి చలిలో కదిలిస్తే కొన్నిటి రబ్బరు చిట్లుతుందని తయారుచేసినవారే హెచ్చరిస్తారు. చలికాలపు టైరు రబ్బరు వేరే పాకం, మైనస్ 20లోనూ మెత్తగా ఉంటుంది. దాని దిమ్మెల మీద సన్నని కోతలు వందలాదిగా ఉంటాయి. ఆ కోతల అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి. ఈ టైర్ల విద్యలో ఫిన్లండు దేశంవారు ముందు నడిచారు. నోకియా ఊరి కర్మాగారంలో 1934లోనే లారీలకు మంచు టైరు చేశారు. మొదటిది లారీకి కావడం నాకు కొంత సంతోషమయింది.

అన్ని కాలాల టైరని ఒకటి అమ్ముతారు. దాని పక్కన ఎం, ఎస్ అనే అక్షరాలుంటాయి. బురదకూ మంచుకూ పనికివస్తుందని అర్థం. గాడుల అమరికను బట్టి ఆ అక్షరాలు వేస్తారు కాని మంచు మీద నడిపి చూసి వేయరు. చూడవలసినది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు పువ్వు. ఆ గుర్తు 1999లో వచ్చింది. అది ఉన్నదంటే తొక్కిన మంచు మీద పరీక్ష చేశారన్నమాట. జర్మనీలో మంచు దారులకు 2024 అక్టోబరు నుంచి ఈ కొండ గుర్తునే చలి టైరుగా ఒప్పుకుంటున్నారు, ఎం, ఎస్ అక్షరాలు చాలవు. ఆ పరీక్ష మాత్రం మంచు మీదిది, గడ్డకట్టిన నీటి మీదిది కాదు. గడ్డ మీద ఏ టైరూ దేవుడు కాదు. విచిత్రమేమంటే, మైనస్ 20లో గడ్డ కంటె సున్నా దగ్గరి గడ్డ ఎక్కువ జారుతుంది, పైన నీటి పొర ఉంటుంది గనుక. చలి తగ్గిందని పిల్లలు ధైర్యపడే రోజే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఒట్టావా పక్కనే నది ఉన్నది. ఆ ఒడ్డు క్యుబెక్ రాష్ట్రం, ఈ ఒడ్డు ఒంటారియో. ఆ ఒడ్డువారికి 2008 నుంచి చలికాలపు టైర్లు చట్టం; ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి. ఈ ఒడ్డున ఆ చట్టం లేదు. ఒకటే మంచు, ఒకటే నది, వంతెన దాటితే చట్టం వేరు. చట్టం లేదు గనుకనే మావాడికి రెండు టైర్ల ఆలోచన పుట్టింది, నేను తాళం వేశాను.

చివరకు నాలుగూ కొత్తవి కొన్నాడు. ఇక్కడ మాత్రం నా చిట్టా పనికివచ్చింది. బండితో వచ్చిన చక్రాలు 17 అంగుళాలవి, 205 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. చలికి 16 అంగుళాల చక్రాలకు 195 వెడల్పువి వేయించమన్నాను. అదే బండికి కంపెనీవారు ఇచ్చే రెండవ కొలత అది. సన్ననిది మంచును కోసుకుని కిందికి దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. పక్క గోడ ఎత్తుగా ఉంటే గుంతలలో చక్రం వంగదు. టైర్లకు వేరే చక్రాలే కొన్నాడు గనుక ఏటా రెండుసార్లు ఊడదీసి ఎక్కించే బాధ లేదు. ఖర్చు ఒకేసారి పడింది, నిజమే. కాని చలి టైర్లు తిరిగినన్నాళ్ళు వేసవివి విశ్రాంతిగా ఉంటాయి. ఒంటారియోలో చలి టైర్లు వేసినవారికి బీమా కంపెనీలు 2016 నుంచి తగ్గింపు ఇవ్వవలసి ఉన్నది, అదీ కలిసి వచ్చింది. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే మంచు దారికి పనికిరాదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది.

గాలి సంగతి కూడా. ఉష్ణం అయిదారు డిగ్రీలు పడితే టైరులో ఒక పౌను గాలి తగ్గుతుంది. అక్టోబరులో 15 డిగ్రీల వద్ద కొట్టించిన గాలి, జనవరిలో మైనస్ 18కి వచ్చేసరికి ఆరు పౌన్లు తక్కువ చూపుతుంది. ఎక్కడా కారలేదు, చలి తినేసింది.

నడిపే తీరు మావాడు అనుభవం మీద నేర్చుకున్నాడు. జారే చోట రెండో గేరులో బయలుదేరి క్లచ్చి మెల్లగా వదలడం. పై గేరునుంచి కింది గేరుకు ఒక్కసారిగా దిగకపోవడం. ఇంజను బిగువు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది గనుక తోక జారుతుంది. జారితే కాలు తీసి, పోవలసిన వైపు చూస్తూ స్టీరింగు అటే తిప్పడం. ఒక ఆదివారం ఉదయం, అనుమతి అడిగి, ఖాళీ మైదానంలో కావాలని జారి చూసుకున్నాడట. బండిలో జారుడు అదుపు చేసే యంత్రం ఉన్నది. 2011 సెప్టెంబరు నుంచి తయారైన చిన్న బండ్లకు కెనడాలో అది తప్పనిసరి. అది ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని సరిదిద్దుతుంది. మంచి సాధనమే. కాని గుమాస్తా ఉన్న డబ్బును పద్దులకు పంచగలడు, లేని డబ్బును పుట్టించలేడు. అది కూడా ఉన్న పట్టునే పంచుతుంది.

చెల్లెలు మాత్రం తన ఉపాయం మానలేదు. "అన్నా, సరుకున్న లారీ జారదని నువ్వే అంటావు గదా. డిక్కీలో ఒక బియ్యం మూట వేసుకోమను" అన్నది. లారీ న్యాయం ఇక్కడ చెల్లదు. ఈ బండి బరువు ముందూ వెనుకా దాదాపు సమానం. ఇరుసుకు వెనుకగా మూట వేస్తే బయలుదేరేటప్పుడు కొంచెం మేలే, కాని తోక తిరగడం మొదలైతే ఆ బరువే ఇంకా ఈడ్చుకుపోతుంది. చిన్న ఇసుక సంచి, పార, కంబళి ఉంచుకుంటే మంచిది. ఇసుక చక్రాల కింద చల్లడానికి. బియ్యం వండుకోమన్నాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ బండి పొట్ట నేలకు జానెడు ఎత్తయినా లేదు. అంతకు మించి మంచు పడిన రోజు బండి మంచు మీదనే కూర్చుంటుంది, ఏ టైరు ఉన్నా లాభం లేదు. ఆ రోజులలో వాడు బస్సులో పోతాడు. దారులకు చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది గనుక శరత్కాలంలో అడుగున నూనె కొట్టిస్తున్నాడు, అప్పుడప్పుడు కడిగిస్తున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో చలి టైర్లు విప్పి నేలమాళిగలో దొంతర పెట్టి ఫోటో పంపాడు. ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో ము.ఎ., ము.కు., వె.ఎ., వె.కు. అని వ్రాశాడు, ముందు ఎడమ, ముందు కుడి అని. అవి నా చిట్టాలోని గుర్తులే. చిన్నప్పుడు సెలవులకు వచ్చి ఆఫీసులో నా పక్కన కూర్చుని చూసినవి. వె.కు. లోని కొమ్ము సరిగా పడలేదు.