జనరల్ సీటు మనది కూడా



శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడు ఇప్పచెట్టులో వెలిశాడని, ఆ కథ సవరలతోనే మొదలైందని స్థలపురాణం చెబుతుంది. గుడి కథలో మన చోటును ఎవరూ కాదనరు. ఓట్లు వచ్చేసరికి మాత్రం "మీకు రిజర్వుడు సీట్లున్నాయి కదా, జనరల్ సీటు మీకెందుకు?" అంటారు. దీనికి జవాబు వి.వి.గిరి రాజకీయ జీవితంలో దొరుకుతుంది.

1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో గిరి బొబ్బిలి రాజానే ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. కార్మికుల కోసం ఆయన చేసింది తక్కువేం కాదు. కానీ అదే సభలో 215 స్థానాలుంటే, వెనుకబడిన తెగలకని కేటాయించింది ఒక్కటే.

1952లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1957లో పార్వతీపురంలో నిలబడ్డారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం: ఒకటి ఎస్టీ సీటు, ఒకటి జనరల్. ఓట్లు లెక్కపెడితే రెండూ మనోళ్లకే వచ్చాయి. ఎస్టీ సీటు బిడ్డిక సత్యనారాయణకు, జనరల్ సీటు దిప్పల సూరి దొరకు. గిరి ఓడిపోయారు.

రాజును ఓడించిన గిరి ఈసారి కోర్టుకు వెళ్లారు. ఎస్టీ అభ్యర్థికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఒక వాదన. సూరి దొర అసలు ఆదివాసీగానే మిగల్లేదని ఇంకో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండూ ఒప్పుకోలేదు. సూరి దొర గెలుపు నిలిచింది. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. సూరి దొర పేరు మన పిల్లలకు ఎంతమందికి తెలుసు?

1961 చట్టంతో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు పోయాయి. తీర్పు చెప్పిన నీతి పోలేదు: రిజర్వేషన్ మనకు దక్కాల్సిన కనీసం. అంతకు మించి అడగొద్దని గీసిన గీత కాదు.

ఇప్పుడెందుకీ మాట? 2022లో జిల్లాలు విడదీశాక పాలకొండ మన్యం జిల్లాకు పోయింది. శ్రీకాకుళం జిల్లాలో ఎస్టీ అసెంబ్లీ సీటు ఒక్కటీ మిగల్లేదు. పాతపట్నం, మెళియాపుట్టి, మందస కొండల్లో మనవాళ్లున్నారు. మరి వాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలి?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రిజర్వుడు సీటు కోసం కొట్లాడదాం. దాంతోపాటు జనరల్ వార్డుకీ, జనరల్ సర్పంచ్ పదవికీ నామినేషన్ వేద్దాం. ఎవరైనా "ఇది మీది కాదు" అంటే సూరి దొర పేరు చెప్పండి.