నేల కింద రాయి తగిలితే నష్టం ఎవరిది?

బోరు వేయించే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. నీరు పడినా పడకపోయినా అడుగుల లెక్కన డబ్బు కట్టవలసిందే. నేల కింద ఏముందన్న పూచీ రైతుదే గాని బోరు బండి వారిది కాదు. కాలువలు, సొరంగాల ఒప్పందాలలోనూ అసలు పేచీ ఇదే.

పెద్ద నిర్మాణాలకు పలు దేశాలలో వాడే నమూనా ఒప్పందాలను 'ఫిడిక్' తయారు చేస్తున్నది. ఇది 1913లో ఏర్పడిన సలహా ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య. ప్రపంచ బ్యాంకు అప్పుతో సాగే పనులలోనూ వీటిని వాడుతున్నారు. అట్ట రంగును బట్టి వీటికి పేర్లు వచ్చాయి.

ఎర్ర పుస్తకం ప్రకారం డిజైను ఇచ్చేది పని చేయించేవారు. అనుభవమున్న కాంట్రాక్టరు సైతం ఊహించలేని రాయి, ఊట తగిలితే అదనపు ఖర్చు, గడువు ఇవ్వాలి. 2017 కూర్పులో, అదనంగా కోరే పక్షం ఏదైనా సరే 28 రోజులలో నోటీసు ఇవ్వకపోతే హక్కు పోగొట్టుకుంటుంది.

1999లో వచ్చిన వెండి పుస్తకం గంపగుత్త. డిజైను మొదలు తాళం చెవి అప్పగించేదాకా భారం కాంట్రాక్టరుదే. నేలలో ఏమి తగిలినా నష్టం దాదాపు అతనిదే.

గంపగుత్త ఖజానాకు క్షేమమని పైకి తోస్తుంది. కాని ఆ పూచీ ఖరీదును కాంట్రాక్టరు ముందే ధరలో కలుపుకుంటాడు. కలుపుకోకపోతే పని మధ్యలో ఆగుతుంది, పేచీ కోర్టుకెక్కుతుంది. అందుకే భూగర్భ పని ఎక్కువగా ఉన్నచోట ఇది తగదని వెండి పుస్తకం ముందుమాటే హెచ్చరించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో చేపట్టిన జలయజ్ఞంలో అనేక పనులను సర్వే, డిజైనుతో సహా ఇ.పి.సి. పేరిట గంపగుత్తకే ఇచ్చారు. 2005లో అప్పగించిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025 నాటికీ పూర్తికాలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. దానికి ఒప్పందమే కారణమని చెప్పలేము. అయితే నేల కడుపులో ఏముందో ముందుగా తెలుసుకోవడం ఎంత అవసరమో అది చాటింది.

నష్టాన్ని ఎవరు నివారించగలరో పూచీ వారిపైనే ఉండడం న్యాయం. టెండరుకు ముందే ప్రభుత్వం నేల పరీక్షలు జరిపించి, ఫలితాలను అందరి ముందుంచాలి. ఏ నష్టం ఎవరిదో తెలుగులో రాయించి పంచాయతీ కార్యాలయాలలో అంటించాలి. కాగితం మీద పూచీ ఎవరిదైనా, కాలువలో నీరు రాకపోతే ఎండేది ఆయకట్టు రైతు చేనే.