మూకీలలోని వలపు

మూగచిత్రమునకు మాట లేదనుట సగము నిజము. తెర ప్రక్కన నిలిచి కథ చెప్పెడి వ్యాఖ్యాత ఉండెడివాడు. హార్మోనియము, తబలా ఉండెడివి. మాట లేనిది నాయికానాయకుల పెదవులకే. నేటి సేకరణకర్తలను పట్టి లాగునది ఆ లోటే. భామాకలాపము చూచి పెరిగిన తెలుగువారికి ఇది క్రొత్త కాదు. సత్యభామ అలుకలో సగమే దరువునకు దక్కును, తక్కినది కనుబొమలలో ఉండును.

తెలుగువారి మూకీ ప్రణయకథతోనే మొదలైనది. బందరున పుట్టిన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మదరాసున తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’లో ఉన్నదేమి? దాశకన్యపై రాజు వలపు, దానికై కొడుకు తన యౌవనమును ధారపోయుట. పౌరాణికమని ప్రక్కకు నెట్టువారు ఈ సంగతి గమనింపరు. ఆ చిత్రము నేడు లభ్యము కాదు. దేశమున 1300కు పైగా మూకీలు వచ్చినవి. పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పదికి అటునిటు. నైట్రేటు ఫిల్ము తనంత తానే చెడును, ఇట్టే అంటుకొనును. అందలి వెండికై కరగించినవారును ఉన్నారు.

‘మార్తాండవర్మ’ దక్కిన తీరు విచిత్రమైనది. ప్రేమకథ ముడివడిన ఈ చారిత్రక చిత్రము 1933లో తిరువనంతపురమున విడుదలైనది. నవల హక్కులకై ప్రచురణకర్తలు దావా వేయగా ప్రదర్శన ఆగి, ప్రతి వారి వద్దనే పడియున్నది. 1974లో పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకు చేరినది. పెట్టెలో ఉండుటచే బ్రదికినదని సేకరణకర్తలు మురియుదురు. పెట్టె తెరచి ఇచ్చుటచే బ్రదికినదనుటయే సబబు.

భీమవరమువంటి డెల్టా పట్టణములలో ఫిల్ము దొరకునన్న ఆశ తక్కువ. అటకలపై పాత కరపత్రములు, స్టిల్సు, తొలి టాకీల పాటల పుస్తకములు ఉండవచ్చును. చెమ్మగాలికి, చెదలకు అవి ఎన్నాళ్లు ఆగును? నకలు తీయనిచ్చుటకు గూడ వెనుకాడువారున్నారు. తమ ప్రతి విలువ తగ్గునని వారి భయము. ఒక కన్యకై ఇద్దరు రాజులు జూదమాడిన ‘ప్రపంచ పాశ్’ (1929) లండనులో భద్రపడి, ఈ శతాబ్దమున క్రొత్త సంగీతముతో మరల తెరకెక్కినది. ఎందరో చూచినారని ఆ మూలప్రతి చులకన కాలేదు. కాగితము ఎవరిది వారి వద్దనే ఉండనిండు. సంక్రాంతికి బొమ్మల పెట్టె దించునపుడు దానిని గూడ దించి, ఎండ తగలనీక, ఒక ఫోటో తీయింపవచ్చును గదా.