బరబరతో పాటు పద్యమూ పోయింది

కాస్త కటువుగా రాస్తున్నాను, మన్నించాలి.

పోయిన వారం మన గ్రూపులో పెట్టిన పాండవోద్యోగ విజయాల పద్యం విన్నాను. "ఎంత క్లీన్‌గా ఉందో!" అంటూ అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం కృష్ణుడు నీళ్లలో మునిగి పాడుతున్నట్టుంది. బరబర పోయిన మాట నిజమే, దానితో పాటు గొంతులో జీవమూ పోయింది.

అసలు ఆ బరబర ఎక్కడిది? 78 ఆర్‌పీఎం రికార్డు లక్కతో చేసేవారు, గట్టిదనానికి రాతిపొడి కలిపేవారు. ఆ గరుకు మీద ముల్లు నడిస్తే చప్పుడు రాక మానదు. కంప్యూటర్ పాట లేని చోట ఆ చప్పుడు నమూనా తీసుకుని, పాట పొడవునా దాన్ని కోసేస్తుంది. మీట చివరిదాకా లాగితే దానికి రికార్డు గరుకుకీ మనిషి ఊపిరికీ తేడా తెలియదు. శ, ష, స పలికేది గాలితోనే. ఖ, ఛ, థలకు బలం ఊపిరే. ముందు పోయేవి అవే.

"రాగం వినిపిస్తోంది కదండీ, చాలదా?" అన్నారొకరు. చాలదు. చెన్నైలో పుట్టిన మన పిల్లలు బడిలో నేర్చే తమిళ లిపిలో ఖ, ఘ, ఛ, ఝలకు అక్షరాలే లేవు. ఒత్తి పలకడం వాళ్లు వినే నేర్చుకోవాలి. వినిపించగల ఆ నటుల గొంతుల్లోంచి ఒత్తులే చెరిపేసి, "ఇదిగో మీ తాతల తెలుగు" అని ఇస్తామా?

బరబర అలాగే ఉంచమనడం లేదు. పద్ధతిగా తగ్గించమంటున్నాను. ముందు రికార్డు కడగండి. స్పిరిట్ మాత్రం వద్దు, లక్క కరిగిపోతుంది. ఎల్‌పీ ముల్లు 78 గాడికి మరీ సన్నం, అడుగు దుమ్ములో తిరుగుతుంది. దానికి తగిన లావు ముల్లు పెట్టండి. స్టీరియో పికప్ అయితే రెండు చానెళ్లూ కలిపి మోనో చేయండి, కొంత చప్పుడు అక్కడే తగ్గుతుంది. టిక్కుటిక్కులను ఒక్కొక్కటిగా తీయండి. ఆ తర్వాతే మిగిలినదాన్ని కొద్దిగా తగ్గించండి. తీసేసిన చప్పుడును విడిగా వినండి. అందులో గొంతు వినిపించిందా, ఎక్కువ కోసినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం: ఏమీ ముట్టుకోని ముడి నకలు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో దాచాలి. రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే మళ్లీ మొదలుపెట్టడానికి అదే ఆధారం. ఆ పద్యానికి ముడి నకలు ఉందా అని అడిగితే, "చెరిపేశాం, చోటు చాలలేదు" అన్నారు. రికార్డు పగిలితే ఇక ఏం మిగులుతుంది?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక్క తీర్మానం కోరుతున్నాను: ముడి నకలు భద్రం కానిదే ఏ రికార్డు మీదా మీట లాగకూడదు. హార్డ్ డిస్క్ ఖర్చులో నా వంతు నేనిస్తాను.