ఈ 'గా' మన కొంప ముంచుతోంది

నా మొదటి అప్రైజల్ ఫామ్‌లో రాసుకున్న వాక్యం ఇది: 'ఐ వర్క్‌డ్ హార్డ్లీ ఆన్ దిస్ రిలీజ్.' చాలా కష్టపడ్డానని నా భావం. మేనేజర్ కాల్ చేసి, 'పనే చెయ్యలేదని నువ్వే రాసిచ్చేశావేంటయ్యా?' అన్నాడు. హార్డ్ అంటే కష్టపడి. హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. 'లీ' తగిలిస్తే చాలు, క్రియా విశేషణం తయారని ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నమ్మినవాణ్ణి మరి.

అక్టోబర్‌లో అరసవల్లి వచ్చా. ఏటా మార్చిలో, అక్టోబర్‌లో కొన్నాళ్లు పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, ఆ రోజుల్లో మా ఊరు కిటకిటలాడిపోతుంది. బాబాయి కొడుకు గుడి బయట రీల్ తీసి క్యాప్షన్ పెట్టాడు: 'అవర్ టెంపుల్ లుక్స్ బ్యూటిఫుల్లీ.' వచ్చే వారం వాడికి క్యాంపస్ ఇంటర్వ్యూ. నా గుండె జారింది.

'ఏటన్నయ్యా, అందంగా ఉందనే కదా రాశాను! అందంగా అంటే బ్యూటిఫుల్లీ కాదేటి?'

తిరకాసంతా ఆ 'గా'లోనే ఉంది. 'అందంగా ఉంది', 'అందంగా పాడింది'. మనకి రెండు చోట్లా ఒకటే మాట. ఇంగ్లిష్‌కి అలా కాదు. పాడటం ఒక పని, ఆ పని ఎలా జరిగిందో చెప్పాలి కాబట్టి 'సాంగ్ బ్యూటిఫుల్లీ'. 'ఉంది' దగ్గర పనేమీ లేదు, గుడి ఎలాంటిదో చెబుతున్నాం. అందుకే 'లుక్స్ బ్యూటిఫుల్'. లుక్, ఫీల్, సౌండ్, టేస్ట్, స్మెల్ ఇవన్నీ చాలాసార్లు 'ఈజ్'కి చుట్టాలే. వాటి బదులు 'ఈజ్' పెట్టి చూడండి, అర్థం నిలబడితే 'లీ' అక్కర్లేదు. 'టెంపుల్ ఈజ్ బ్యూటిఫుల్' నిలబడింది కదా. 'హి లుక్‌డ్ యాంగ్రీ' అంటే కోపంగా ఉన్నాడు. 'హి లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ మి' అంటే నా వైపు కోపంగా చూశాడు. ఇక్కడ చూడటం నిజంగా పనే.

మనం ఇంగ్లిష్ మాటలకీ 'గా' అతికిస్తాం: స్లోగా, క్లియర్‌గా. 'వాయిస్ క్లియర్‌గా ఉంది' అన్న అలవాటులోనే మీటింగ్‌లో 'యూ సౌండ్ క్లియర్లీ' అనేస్తాం. 'యూ సౌండ్ క్లియర్' అనాలి. 'ఐ కెన్ హియర్ యూ క్లియర్లీ' మాత్రం కరెక్టే.

'మరి రోడ్డు మీద గో స్లో బోర్డులు తప్పా?' అన్నాడు వాడు. తప్పు కాదు. స్లో, ఫాస్ట్, హార్డ్, లేట్ లాంటివి 'లీ' లేకుండానే క్రియ పక్కన కూర్చుంటాయి. ఫాస్ట్‌కైతే 'లీ' రూపమే లేదు. లేట్లీ అంటే ఆలస్యంగా కాదు, ఈ మధ్య అని. సూర్యుడు 'షైన్స్ బ్రైట్' అన్నా, 'షైన్స్ బ్రైట్లీ' అన్నా చెల్లుతుంది. 1997లో యాపిల్ 'థింక్ డిఫరెంట్' అంటే, 'డిఫరెంట్లీ' కదా ఉండాలని గొడవపడినవాళ్లు ఇంగ్లిష్ వాళ్లలోనే ఉన్నారు. పాపం, మనమెంత!

రాత్రి వాయిస్ మెసేజ్ పంపాడు, ఇంటర్వ్యూ ప్రాక్టీసట. 'ఐ ఫీల్ కాన్ఫిడెంట్. ఐ కెన్ స్పీక్ కాన్ఫిడెంట్లీ.' రెండూ కరెక్టే. తర్వాత 'ఐ స్టడీడ్ హార్డ్' అని వచ్చింది. అక్కడ ఆపి, ఇంకోసారి వెనక్కి జరిపి విన్నా.