మొదటి చాప్టర్ దగ్గరే ఆగిపోయారా?

ప్రాజెక్టు పూర్తయింది. కోడ్ రన్ అవుతోంది. రిపోర్టు మాత్రం 'ఇంట్రడక్షన్' అన్న హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయింది. ఫైనల్ ఇయర్‌లో నాదీ ఇదే పరిస్థితి. హాస్టల్ గదిలో మూడు రాత్రులు కూర్చున్నా నాలుగు లైన్లు దాటలేదు. విషయం తెలియక కాదు, గొప్ప ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాలన్న భయంతో.

మా గైడ్ ఒక్కటే అడిగారు: "నువ్వేం చేశావో తెలుగులో చెప్పు." పది నిమిషాలు ఆగకుండా చెప్పాను. "ఇదే రాసెయ్" అన్నారు. అదే నా రిపోర్టులో మూడో చాప్టర్ అయింది.

చదివే వరుసలోనే రాయాలన్న రూలేమీ లేదు. ముందు మీరు చేసిన పని రాయండి. తర్వాత ఫలితాలు, ఆపైన చర్చ. ఇంట్రడక్షన్, అబ్‌స్ట్రాక్ట్ చివర్లో. ఏం తేలిందో తెలిశాకే కదా పరిచయం చేయగలం!

బుడమేరు వరద హెచ్చరికపై ప్రాజెక్టు చేశారనుకోండి. 'వరదలు ప్రపంచ సమస్య' అని మొదలుపెడితే రెండో వాక్యం తట్టదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, అదే సమయంలో నీట మునిగిన సింగ్‌నగర్... అక్కడ మొదలుపెట్టండి. 'హెచ్చరిక ఎంత ముందు అందాలి?' అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. అదే మీ ఇంట్రడక్షన్.

రాయలేక కాపీ కొడితే ఇంకా ప్రమాదం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే చర్యలు తప్పవు, 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దు. బీటెక్ రిపోర్టును అంత గట్టిగా చూడకపోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో "ఈ గ్రాఫ్ ఇక్కడెందుకు పడింది?" అని అడిగితే, సొంతంగా రాసినవాళ్లే జవాబు చెప్పగలరు.

కాలేజీలూ మారాలి. చివరి వారం స్పైరల్ బైండింగ్ అడిగే బదులు, పదిహేను రోజులకోసారి రెండు పేజీలు రాయించి చూస్తే సగం భయం పోతుంది.

అందాకా మీరు ఆగక్కర్లేదు. ఈ రాత్రే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ ప్రాజెక్టును జూనియర్‌కి చెప్పినట్టు తెలుగులో చెప్పండి. రేపు దాన్ని విని రాయండి. తప్పులుంటే ఉండనివ్వండి. తప్పుల పేజీని దిద్దుకోవచ్చు, ఖాళీ పేజీని దిద్దలేం.