బ్రోకర్ చెప్పే మొదటి అంకె
ఇల్లు చూపించకముందే బ్రోకర్ ఒక ధర చెవిన వేస్తాడు. ఇక మన బేరమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ‘యాంకరింగ్’ అంటారు.

అనుభవజ్ఞులు దీనికి లొంగరనుకుంటాం. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ ప్రచురించిన అధ్యయనంలో అలా తేలలేదు. అమెరికాలోని టూసాన్‌లో ఏజెంట్లకు ఒకే ఇల్లు చూపించి, యజమాని అడిగే ధరను మాత్రం ఒక్కో బృందానికి ఒక్కోలా రాసిచ్చారు. ఎక్కువ ధర చూసినవారు ఇంటికి ఎక్కువ విలువే కట్టారు. ఆ అంకెను లెక్కలోకి తీసుకున్నామని ఒప్పుకున్నది కొందరే!

పైగా మన బ్రోకర్ కమిషన్ సాధారణంగా ధరలో శాతం, తరచూ ఇరువైపులా. ధర తగ్గిస్తే తగ్గేది ఆయన రాబడే. అందుకే బ్రోకర్‌కు ఫోన్ చేసేముందే మన అంకెను కాగితం మీద రాసుకోవాలంటాను. రిజిస్ట్రేషన్ విలువలు చాలాసార్లు అసలు ధరను చూపవు. ఆ వీధిలో ఈమధ్య కొన్నవారిని అడగడమే నయం.